తొమ్మిదో నంబరు కారణం

ఇల్లు కొనుక్కోవడం మనిషి స్తోమతకు సంబంధించిన విషయం. ఇల్లు అమ్ముకోవడం మాత్రం అర్హతకు సంబంధించినది. ఆ అర్హత మాకు ఈ నెల ఆరో తేదీ, మంగళవారం ఉదయం ఏడు గంటల పన్నెండు నిమిషాలకు లభించింది.

'మీ గృహం ప్రదర్శనయోగ్యమైనదిగా గుర్తించబడినది. అభినందనలు' అని గృహ విక్రయ సమన్వయ కేంద్రం వారి యాప్ నుంచి సందేశం వచ్చినప్పుడు నేను పళ్లు తోముకుంటున్నాను. నోటినిండా నురగతోనే మా ఆయనకు ఫోన్ చేశాను. అతను అప్పటికే బస్సులో ఉన్నాడు. ఉన్నచోటే లేచి నిలబడి "వచ్చేసింది" అని అందరికీ చెప్పాడట. (సీటు పోయింది.) చుట్టుపక్కల వాళ్లు చేతులు కలిపారు. వెనక సీట్లోని పెద్దావిడ ఎన్ని కిలోలు పుట్టిందని అడిగితే, రెండు పడక గదులు అని చెప్పాడట.

మాకు పెళ్లయి నాలుగు నెలలైంది. మా ఆయన పనిచేసే సీసాల ఫ్యాక్టరీ ఊరికి తూర్పు చివర ఉంది. నేను పనిచేసే నీటి పరీక్షల ల్యాబ్ పడమటి చివర. ఇల్లేమో ఉత్తరాన, ఊరు అయిపోయాక ఇంకో రెండు స్టాపులు. (పెళ్లికి ముందు అతనొక్కడే ఉన్నప్పుడు కొన్న ఇల్లు. ఒంటరివాళ్లకు దూరం తెలియదు.) పొద్దున అతను బయలుదేరే వేళకు నేను నిద్రలో ఉంటాను. మధ్యాహ్నం షిఫ్టు ముగించుకుని రాత్రి నేను ఇల్లు చేరేసరికి అతను నిద్రలో ఉంటాడు. వారంలో ఆరు రోజులు మేం ఒకరికొకరం దుప్పటి కింద ఒక ఆకారం. ఏడో రోజున పరిచయం చేసుకుంటాం.

ఊరి నడిమధ్యలో ఒక దర్జీ గారి ఇల్లు ఉంది. రెండు గదులు, ఎర్ర గచ్చు, వెనక గుమ్మం దగ్గర సరిగ్గా రెండు కుర్చీలు పట్టే అరుగు. అక్కడినుంచి ఇద్దరి పనులకూ ఇరవై నిమిషాలు. ఆ అరుగు మీద మేం ఇప్పటికి రెండుసార్లు కూర్చున్నాం. మూడోసారి కూర్చోవాలంటే ఈ ఇల్లు అమ్ముడుపోవాలి. "ముప్పయ్యో తారీఖు దాకా ఎవరికీ మాటివ్వను తల్లీ," అన్నారు దర్జీ గారు. "ఆ తర్వాత మా అమ్మాయి దగ్గరికి వెళ్లిపోతున్నా. ముందొచ్చిన వాళ్లకి తాళాలిచ్చేస్తా."

చేతిలో ఇరవై నాలుగు రోజులున్నాయి. మాకు అవి ఎక్కువే అనిపించాయి. (కొత్తగా పెళ్లయినవాళ్లకు క్యాలెండరు సరిగ్గా కనిపించదు.)

శుక్రవారం ఉదయం ప్రదర్శనాధికారిణి వచ్చారు. చేతిలో ట్యాబ్, కాళ్లకు నీలంరంగు ప్లాస్టిక్ తొడుగులు. గుమ్మంలో నిలబడి ఒకసారి గాలి పీల్చి, "టిఫిన్ చేశారా?" అన్నారు. మర్యాదకు అడిగారనుకుని చేశామన్నాను. "తెలుస్తోంది," అని రాసుకున్నారు.

ప్రదర్శన నియమావళి నాలుగో అధ్యాయం ప్రకారం, అమ్మే ఇంట్లో మనుషులు ఉంటున్నట్టు తెలియాలి గాని, ఫలానావాళ్లు ఉంటున్నట్టు తెలియకూడదు. ఇంటిలో నివాస చిహ్నాలు పన్నెండుకు మించరాదు. మా ఇంట్లో రెండు వందల పద్నాలుగు దొరికాయి. ఒకే గ్లాసులో రెండు టూత్‌బ్రష్‌లు ఉండటం ఒకటి. (అది కూడా 'తీవ్రమైనది' అనే శీర్షిక కింద.) ఫ్రిజ్ తలుపు మీద మా ఆయన పొద్దున్నే అంటించి వెళ్లే చీటీలు నలభై ఒకటి. ప్రదర్శనాధికారిణి వాటిని ఒక్కొక్కటే చదివి లెక్కపెట్టారు. 'టీ ఫ్లాస్కులో ఉంది. నీ చెప్పు కుట్టించాను. కలలో నువ్వు నాతో క్యారమ్స్ ఆడి గెలిచావు' అన్న చీటీ దగ్గర కాస్త ఆగి, దాన్ని మూడు చిహ్నాలుగా నమోదు చేశారు.

ఇల్లు అమ్మడంలో సాయానికని మా అత్తయ్య అప్పటికే వచ్చి ఉన్నారు. పాతికేళ్లు బడి నడిపిన హెడ్మాస్టరమ్మ. ఎవరైనా ఏదైనా రాసుకుంటూ కనిపిస్తే తొంగి చూడకుండా ఉండలేరు.

"నన్ను కూడా లెక్కేశావా అమ్మాయ్?" అన్నారు.

"కూర్చుంటే మీరు రెండు, మేడమ్. మాట్లాడితే ఐదు."

అత్తయ్య నోరు తెరిచి, ఐదు అవుతానేమోనని మూసేశారు. నాలుగు నెలల్లో ఆ దృశ్యం నేను చూడటం అదే మొదలు.

ఆ తర్వాత ట్యాబ్‌లోని ఫారంలో పద్నాలుగో గడి వచ్చింది. అమ్మకానికి కారణం. ఎంచుకోవడానికి పది ఉన్నాయి: బదిలీ, వృద్ధాప్యం, వారసుల పంపకం, ఇలా. నేను పదీ రెండుసార్లు చదివి, "ఇంకాస్త కలిసి ఉండటానికి అని రాయచ్చా మేడమ్?" అన్నాను.

"ఇప్పుడు వేరువేరుగా ఉంటున్నారా?"

"లేదండీ, ఈ ఇంట్లోనే."

"కలిసి ఉంటున్న ఇంటిని, కలిసి ఉండటం కోసం అమ్ముతున్నారు." ఆవిడ ఈ మాటను ప్రశ్నలా అడగలేదు, నాకు వినిపించడం కోసం అన్నారు. "ఇతరాలు అని వేస్తాను."

పదకొండో తేదీ ఆదివారం మొదటి ప్రదర్శన. చీటీలు, టూత్‌బ్రష్‌లు, బట్టలు, చెప్పులు, గిన్నెలు, మా ఆయన సైకిలు, అన్నీ ఎదురింటి గ్యారేజీలో దాచాం. ఇల్లు ఎంత శుభ్రంగా ఉందంటే మంచినీళ్లు తాగాలంటే మేమే రోడ్డు దాటి గ్యారేజీకి వెళ్లాల్సి వచ్చింది. ఎనిమిది కుటుంబాలు వచ్చాయి. ఒక జంట టేపు పట్టుకుని నా ఎత్తు కూడా కొలిచింది. (నేను తలుపు పక్కన నిలబడ్డాను, తప్పు నాదే.) ఒక పెద్దాయన ప్రతి గోడనూ వేలి కణుపుతో తట్టి చెవి ఆనించి విన్నాడు. అంతా విన్నాక సోఫాలో కూర్చున్నాడు.

"ఇల్లు బాగానే ఉందిగా. ఎందుకమ్ముతున్నారు?"

నేను సిగ్గుపడ్డాను. మా ఆయన నా వైపు చూసి నవ్వాడు. "ఊరి మధ్యలో ఒక ఇల్లు చూసుకున్నామండీ," అన్నాడు. "ఇద్దరికీ దగ్గర. సాయంత్రం పెందలాడే రావచ్చు."

పెద్దాయన భార్యవైపు తిరిగి, గొంతు తగ్గించే శ్రమ పెట్టుకోకుండా అన్నాడు: "వదిలించుకుంటున్నారే. మొహాలు ఎలా వెలిగిపోతున్నాయో చూడు. నేల కింద నీళ్లు ఊరుతుంటాయి, నా మాట విను."

సోమవారం యాప్‌లో నివేదిక వచ్చింది. ఎనిమిదిలో ఆరు కుటుంబాలు దాదాపు ఒకే మాట రాశాయి. 'అమ్మకందారులు అకారణంగా సంతోషంగా ఉన్నారు.' ఏడో కుటుంబం పోలీసులకు చెప్పాలా అని అడిగింది. ఎనిమిదో కుటుంబం నా ఎత్తు రాసింది.

బుధవారం ప్రదర్శనాధికారిణి మళ్లీ వచ్చారు. ఈసారి తొడుగులు వేసుకోలేదు, మా పరిస్థితి అంతదాకా వచ్చిందన్నమాట.

"మేడమ్, ఇల్లు కొనేవాళ్లు ఇంట్లో లోపం వెతుకుతారు. దొరక్కపోతే భయపడతారు. వాళ్లకి మీరే ఒక లోపం చూపించాలి, అది ఇంటికి సంబంధించింది కాకూడదు." ట్యాబ్ నా వైపు తిప్పారు. "తొమ్మిదో నంబరు ఇళ్లు సగటున పదకొండు రోజుల్లో పోతున్నాయి."

తొమ్మిదో నంబరు కారణం విడాకులు.

"తప్పు మనుషులదని తేలిపోతుంది. గోడల మీద అనుమానం ఉండదు," అని వివరించారు ఆవిడ. "పైగా బేరం దగ్గర ఇద్దరూ ఒకరి మీద కోపంతో ఒకరు దిగొస్తారు. కొనేవాళ్లకి అది చాలా ఇష్టం."

"మాకు పెళ్లయి నాలుగు నెలలేనండీ."

"మంచిదే. ఇంటికి అరుగుదల తక్కువ."

అత్తయ్య ఇక ఐదు అయినా సరే అనుకున్నట్టున్నారు. "ఏమమ్మా, వీళ్ల పెళ్లికి మూడొందల మందిని పిలిచాను. విడాకులకి ఎవర్నీ పిలవకుండా కానిచ్చేయమంటావా?"

ప్రదర్శనాధికారిణి ట్యాబ్ మూసి, మొదటిసారి మామూలు మనిషిలా కుర్చీలో వెనక్కి వాలారు. "నా ఇల్లు మూడేళ్లుగా అమ్మకాల జాబితాలో ఉందండీ పెద్దమ్మగారూ. నాకింకా పెళ్లి కాలేదు. అవకాశం ఉన్నవాళ్లయినా వాడుకోవాలి కదా."

పదహారు రోజుల్లో దర్జీ గారు తాళాలు ఎవరికో ఇచ్చేస్తారు. నేను పద్నాలుగో గడిలో తొమ్మిది నొక్కాను. 'మీ నిర్ణయానికి అభినందనలు' అని వచ్చింది.

తొమ్మిదో నంబరు ఇంటికి ఏర్పాట్లు వేరు. టూత్‌బ్రష్‌లు గ్యారేజీ నుంచి తిరిగి రావచ్చు, కాని రెండూ రెండు గదుల్లో ఉండాలి. సోఫా మీద ఒక దిండు, మడతపెట్టీ పెట్టనట్టున్న దుప్పటి. హాల్లో పెళ్లి ఫోటో ఉండకూడదు. అది ఉండి, తీసేసినట్టు మాత్రం గోడ మీద లేతరంగు చదరం కనిపించాలి. మా ఫోటో గోడకెక్కి నాలుగు నెలలే కాబట్టి దాని వెనక గోడ ఏమాత్రం రంగు మారలేదు. చదరం వేయించడానికి పెయింటర్ని పిలిచాం.

"ఇక్కడ ఏం పెడతారమ్మా?" అన్నాడు అతను.

"ఏమీ పెట్టం. ఫోటో తీసేసినట్టు ఉండాలి."

"ఏ ఫోటో?"

"మా పెళ్లి ఫోటో. ఇదుగో, ఇది."

పెయింటరు ఫోటో చూశాడు, గోడ చూశాడు, నన్ను చూశాడు. "బాగుందిగా. దీన్నే తగిలించుకుంటే రంగు ఖర్చు ఉండదు," అన్నాడు. ఆ ఇంట్లో ఆ నెలలో ఎవరైనా అన్న తెలివైన మాట అదొక్కటే. పాటించే అధికారం మాకు లేదు.

పోట్లాట సాధన మరో సమస్య. మేమెప్పుడూ పోట్లాడలేదు. (సమయం దొరకలేదు.) మా ఆయన బస్సులోంచి ఫోన్లో సాధన చేయబోయాడు. రెండో వాక్యానికే పక్కసీటాయన ఫోన్ లాక్కుని, "మీ ఆయన మనసు మంచిదమ్మా, నోరే కాస్త తొందర," అని నాకు సర్దిచెప్పి పెట్టేశాడు. చివరికి పద్దెనిమిదో తేదీ ఆదివారం పొద్దున, ప్రదర్శనకు మూడు గంటల ముందు, అత్తయ్య మమ్మల్నిద్దర్నీ డైనింగ్ టేబుల్‌కు చెరోవైపు కూర్చోబెట్టారు. పెళ్లయ్యాక అంతసేపు ఎదురెదురుగా కూర్చోవడం అదే మొదటిసారి. అతని ఎడమ కనుబొమలో చిన్న గీత ఉందని అప్పుడే చూశాను.

"మొదలెట్టరా," అన్నారు అత్తయ్య.

"నువ్వు... గిన్నెలు సరిగ్గా సర్దవు," అన్నాడు మా ఆయన.

"సారీ," అన్నాను.

"అమ్మాయ్, సారీ ఏమిటి? మీ మామగారు ఆ మాటంటే నేను గిన్నెలన్నీ వీధిలో సర్దేదాన్ని. మళ్లీ."

మళ్లీ మొదలుపెట్టాం. నవ్వొచ్చింది. అత్తయ్య టేబుల్ మీద స్కేలు కొట్టారు. (వెంట తెచ్చుకున్నారు.) నేను అతని మీద ఏదో ఒక నేరం మోపాలని ఎంత వెతికినా తడిసిన తువ్వాలు దాటి వెళ్లలేకపోయాను. అప్పుడు అతను టేబుల్ మీది గీతల్ని చూస్తూ అన్నాడు:

"నేను లేచేసరికి నువ్వు నిద్రలో ఉంటావు. నువ్వొచ్చేసరికి నేను నిద్రలో ఉంటాను. నేను పెళ్లి చేసుకుంది దుప్పటినా?"

నేను టేబుల్ మీదుగా చెయ్యి చాపి అతని చెయ్యి పట్టుకున్నాను.

"ఇది బాగుంది," అన్నారు అత్తయ్య, స్కేలు పక్కన పెట్టి. "రాసుకో. మధ్యాహ్నం పనికొస్తుంది."

మధ్యాహ్నం వచ్చిన మొదటివారు రిటైరైన స్టేషన్ మాస్టరు గారు, ఆయన భార్య. వంటగది చూశారు. సోఫా మీద దిండు చూశారు. గోడ మీద చదరం దగ్గర ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత ఆయన ఇంటిని చూడటం ఆపేశారు.

"ఇలా కూర్చోండి ఇద్దరూ," అన్నారు, మా సోఫాలో మాకు చోటు చూపించి. "ఏమ్మా, చెయ్యి చేసుకున్నాడా?"

"లేదండీ."

"తాగుతాడా?"

"టీ తాగుతాడు."

"మరేమిటి తల్లీ నీ బాధ?"

"నా మాట వినడండీ," అన్నాను, అత్తయ్య నేర్పినట్టే.

"వినేవాడు ఎక్కడైనా ఉంటే చెప్పు, నేనూ వచ్చి చూస్తాను," అన్నారు ఆయన భార్య. "ముప్పై ఎనిమిదేళ్లు రైళ్లన్నీ ఈయన మాట విన్నాయి. ఈయన ఒక్కరి మాటా వినలేదు. నేను ఇల్లమ్ముకున్నానా?"

స్టేషన్ మాస్టరు గారు గంటంపావు మాట్లాడారు. మా చేతులు తీసి ఒకదానిలో ఒకటి పెట్టారు. (అభ్యంతరం చెప్పే ఓపిక మా ఇద్దరికీ లేదు.) వెళ్తూ వెళ్తూ నివేదిక రాశారు: 'ఇల్లు బాగుంది. పిల్లలు ఇంకా బాగున్నారు. ఇది కొంటే పాపం తగులుతుంది. ఐదు నక్షత్రాలు.'

ఆ రోజు తొమ్మిది కుటుంబాలు వచ్చాయి. తొమ్మిదీ మమ్మల్ని కలిపి వెళ్లాయి. ఇరవై ఐదో తేదీ ఆదివారానికి సంగతి ఇంకాస్త ముదిరింది. ఒక కుటుంబం బంధువులతో సహా వ్యాన్ మాట్లాడుకుని వచ్చింది. వాళ్లకు ఇల్లు అక్కర్లేదు. ఈమధ్య వాళ్ల వైపు రాజీ కుదర్చాల్సిన అవసరం ఏదీ రాక, పెద్దవాళ్లు ఊరికే కూర్చుంటున్నారట. వాళ్లలో ఒకాయన మా ఆయన్ని పక్కకు తీసుకెళ్లి భార్యతో ఎలా మెలగాలో చెబుతుంటే, ఆయన భార్య నన్ను పక్కకు తీసుకొచ్చి ఆయన చెప్పేది ఏదీ నమ్మొద్దంది. మధ్యాహ్నం దర్జీ గారు ఫోన్ చేశారు.

"ఇంకో పార్టీ వచ్చింది తల్లీ. అరుగు కొట్టేసి షట్టరు పెట్టుకుంటారట. నేను ముప్పై దాకా ఆగమన్నా. ఆ పైన నా చేతుల్లో లేదు."

"ఆగండి బాబాయ్," అన్నాను. పక్కగదిలో నన్నూ మా ఆయన్నీ కలిపే ఏర్పాట్లు జరుగుతున్నాయి, అంతకంటే వివరంగా మాట్లాడలేకపోయాను.

ఆఖరున ఒక లాయరమ్మ వచ్చారు. కుటుంబ కేసులు చూస్తారట. గోడ తట్టలేదు, టేపు తీయలేదు, మా చేతులు పట్టుకోలేదు. నేరుగా అడిగారు: "అసలు సమస్య ఏమిటి?"

నేను తువ్వాలు సంగతి మొదలుపెట్టబోయాను. మా ఆయన ముందుకు వచ్చాడు. పొద్దుటినుంచి పద్నాలుగుసార్లు రాజీపడి అతని కళ్లు ఎర్రబడి ఉన్నాయి. దుప్పటి మాట మళ్లీ అన్నాడు. ఈసారి సాధన చేసినట్టుగా రాలేదు.

లాయరమ్మ తలూపారు. "నిలబడే కేసు," అన్నారు. "ఇల్లు తీసుకుంటున్నాను. ఆఫీసు పెట్టుకుంటాను. క్లయింట్లు ఈ హాల్లోనే కూర్చుంటారు, వాతావరణం ఇప్పటికే కుదిరింది. ఆ చదరం మాత్రం చెరపొద్దు."

ఆవిడ వెళ్లాక మేం వంటగదిలో నిలబడి, నియమావళికి విరుద్ధంగా, చాలాసేపు నవ్వుకున్నాం. అత్తయ్య తలుపు వేశారు, ఎవరైనా చూసి ఇల్లు కొనడం మానేస్తారని.

సోమవారం ప్రదర్శనాధికారిణి ఫోన్ చేసి అభినందించారు. "ఒక్క చిన్న పని మిగిలింది మేడమ్. తొమ్మిదో నంబరు అమ్మకానికి విడాకుల పిటిషన్ దాఖలు సంఖ్య ఎక్కించాలి. అది లేకుండా రిజిస్ట్రేషన్ తెరుచుకోదు."

"కాని మేడమ్, మేం నిజంగా విడిపోవడం లేదని మీకు తెలుసు కదా."

"తెలుసండీ. అందుకే చెబుతున్నాను. కారణం నిజం కాకపోతే అది తప్పుడు ప్రకటన అవుతుంది. నిజమైపోతే ఏ ఇబ్బందీ లేదు."

"కారణం మార్చుకోవచ్చా?"

"నిక్షేపంగా. ఇల్లు మళ్లీ మొదటినుంచి పరిశీలనకు వెళ్తుంది. నలభై ఐదు రోజులు."

ముప్పయ్యో తేదీకి నాలుగు రోజులుంది. లాయరమ్మకు చెబితే ఆవిడ ఆశ్చర్యపోలేదు. పిటిషన్ తానే వేస్తానన్నారు. ఇల్లు కొంటున్న సంబంధం ఉంది కాబట్టి ఫీజు వద్దన్నారు. సంఖ్య అరగంటలో వస్తుందట. పిటిషన్ వెనక్కి తీసుకునే కౌంటరు కూడా అదే అంతస్తులో ఉంది. అయితే విడిపోవడానికి ఒక పేజీ చాలు. విడిపోవడం మానుకోవడానికి మాత్రం పదహారు పేజీలు, ఇద్దరు సాక్షులు కావాలి. సాక్షులకు కొరత లేదు. స్టేషన్ మాస్టరు గారు ఇప్పటికే రెండుసార్లు ఫోన్ చేసి, ఎలా ఉన్నారమ్మా అని అడిగారు.

ఈ రోజు గురువారం. మా ఆయన ఫ్యాక్టరీలోను, నేను ల్యాబ్‌లోను రేపటికి సెలవు పెట్టాం. తొమ్మిదింటికి కుటుంబ న్యాయస్థానంలో విడిపోతాం. పన్నెండింటికి ఇల్లు రిజిస్టరు చేస్తాం. రెండింటికి దర్జీ గారి దగ్గర తాళాలు తీసుకుంటాం. నాలుగున్నరకు కౌంటరు మూసేలోపు తిరిగి వచ్చి కలిసిపోతాం. మధ్యలో భోజనానికి నలభై నిమిషాలున్నాయి, అత్తయ్య టిఫిన్ క్యారియర్ తెస్తానన్నారు. పెళ్లయ్యాక పని రోజున పొద్దుటినుంచి సాయంత్రం దాకా మేమిద్దరం ఒకచోట ఉండబోవడం ఇదే మొదటిసారి. ఏ చీర కట్టుకోవాలో ఇంకా తేల్చుకోలేదు. మా ఆయన పెళ్లి చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు.

రేపటి వరసలో మా ముందు ముప్పై ఏడు జంటలు ఉన్నాయి. భయపడొద్దని కోర్టు గుమస్తా గారు ఫోన్లో ధైర్యం చెప్పారు. అందులో ముప్పై నాలుగు జంటలు ఇళ్లు అమ్ముకునేవాళ్లేనట, చకచకా కదిలిపోతారట. మిగిలిన మూడు జంటల దగ్గరే కాస్త ఆలస్యమవుతుందట. వాళ్లకు అమ్ముకోవడానికి ఇల్లు లేదు, నిజంగానే విడిపోతున్నారు.